పొడి పళ్లెం

చేపపిల్లల కేంద్రం, ప్రయోగశాళ
నవంబరు 4

మామయ్యకు నమస్కారాలు.

ఫోను చేస్తే మీరు ఎత్తరు. "ఫోనులో కామాలు వినపడవు" అని మీరన్న మాట ఇక్కడ అందరికీ చెప్పాను. మా డైరెక్టరు మేడమ్ అయితే నవ్వీ నవ్వీ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అందుకని ఉత్తరమే రాస్తున్నాను, కామాలతో సహా.

మీతో ఒక పని పడింది. చేపల వీర్యంలో ఎంజైములు ఏం చేస్తాయన్నదే నా పరిశోధన అని మీకు తెలుసు. మేడమ్ నిన్న నన్ను పిలిచి, "పదిమంది చదివే పత్రికలకి నాలుగేళ్లుగా రాస్తున్నావు. మన పనివాళ్లు చదవగలిగేలా నాలుగు పేజీలు తెలుగులో రాసిపెట్టవమ్మా" అన్నారు. రాశాను. ఆ ప్రతి దీంతో పంపుతున్నాను.

విషయం కష్టమేమీ కాదు. వీర్యకణానికి ఒక తల, ఒక తోక. తోక పొడవునా డైనీన్ అనే ఎంజైము ఉంటుంది. కణం దాచుకున్న శక్తిని అది కొద్దికొద్దిగా విరుస్తుంటే తోక కొట్టుకుంటుంది. అది పని మానేస్తే, లోపల ఎంత శక్తి ఉన్నా తోక కదలదు. ఇలాంటివే మరికొన్ని ఎంజైములు కణం లోపల శక్తిని అందిస్తూ ఉంటాయి, ఇంకొన్ని బయటి ద్రవంలో ఉండి కణాన్ని కాపాడుతూ ఉంటాయి. ఇవన్నీ పాడవకుండా చేపను ఎలా పట్టాలి, ఎలా పిండాలి, గుడ్లతో ఎలా కలపాలి అన్నదే ఆ నాలుగు పేజీల సారం.

మాది చల్లనీటి చేప. దానంతట అది ఇక్కడ గుడ్లు పెట్టదు. ఆడచేప పొట్ట నిమిరి గుడ్లు, మగచేప పొట్ట నిమిరి పాలు పిండాలి. వీర్యాన్ని ఇక్కడ పాలనే అంటారు, మీరు కంగారు పడకండి. ఆ పిండే పని ముప్పై ఏళ్లుగా ఒక్క మనిషే చేస్తున్నాడు. గుడ్లనీ పాలనీ పక్షి ఈకతో కలుపుతాడు కాబట్టి ఆయన పేరు ఈక బాబాయి. అసలు పేరు హాజరు పట్టీకి మాత్రమే తెలుసు.

చేపలు గుడ్లకు పండుతున్నాయి, వ్యవధి లేదు. మీరు దిద్ది నేరుగా ప్రెస్సుకి పంపేయండి. ప్రూఫు నాకు వస్తుంది, నేను చూసుకుంటాను.

మీ మేనకోడలు

*

ఇల్లు, ముందు వసారా
నవంబరు 9

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

నీ ఉత్తరమును, నాలుగు పుటల రచనయు అందినవి. ముందుగా ఉత్తరము సంగతి. ప్రయోగశాలకు 'ళ' ఎక్కడినుండి వచ్చినది? శాల అనగా ఇల్లు. పాఠశాల, గోశాల, ప్రయోగశాల. నా ఒడిలో కూర్చుండి అక్షరాలు దిద్దిన పిల్ల డాక్టరేటు చేసి 'ప్రయోగశాళ' అని వ్రాయడం నా ముప్పై నాలుగేళ్ల తెలుగు మాస్టరు ఉద్యోగానికి గొప్ప సన్మానమే.

ఇక నీ రచన. విషయము తేటగా ఉన్నది. వాక్యాలు మాత్రం పరుగెత్తి పరుగెత్తి ఆయాసపడుతున్నవి. వాటికి అక్కడక్కడ కూర్చునే చోటు చూపించాను. 'ఎంజైము'నకు మంచి తెలుగు మాట వెతుకుదామని ఒక పూటంతా నిఘంటువులు తిరగవేసి, చివరకు ఆ మాటకే పౌరసత్వమిచ్చి ఊరుకున్నాను.

మూడవ పుటలో 'పొడి పళ్లెం', 'పొడి చేతులు', 'పొడి పద్ధతి' అని మూడు చోట్ల వాడినావు. ఇది సందిగ్ధ ప్రయోగము. 'పొడి' అనగానే పాఠకుని మనసుకు ముందుగా తోచేది చూర్ణము. పళ్లెములో సబ్బుపొడి వేయవలెనేమో అని ఒక అమాయకుడు అనుకుంటే ఆ పాపమెవరిది? నీ భావమేమో చక్కగా కడిగి సిద్ధపరచిన పళ్లెమని స్పష్టమే. కనుక మూడు చోట్లా 'పరిశుభ్రమైన' అని మార్చాను. చెవికి కూడా ఇంపుగా ఉన్నది.

ఒక ప్రమాదము తప్పినది. ప్రతిని బల్లమీద పరచుకుని దిద్దుతుండగా ఎదురింటి విశ్రాంత ప్రధానోపాధ్యాయిని గారు వార్తాపత్రిక కోసం వచ్చారు. పైపుట శీర్షిక 'మగచేప వీర్యం: జాగ్రత్తలు'. నేను గభాలున బోర్లించేసరికి ఆవిడకు లేని అనుమానము కలిగినది. "ఏమిటి మాస్టారూ దాస్తున్నారు, కవిత్వమా?" అని అడిగారు. అవునన్నాను. వినిపించమన్నారు. ఇంకా మూడు రోజులు ఆవిడ కంట పడకుండా తిరగాలి.

దిద్దిన ప్రతి ఈ ఉదయమే ప్రెస్సుకు వెళ్లినది.

ఇట్లు,
మామయ్య

*

చేపపిల్లల కేంద్రం, ప్రయోగశాల ('ల'!)
నవంబరు 26

మామయ్యా,

పుస్తకం వచ్చేసింది! నీలం అట్ట, బొమ్మలు, మీ వాక్యాలు. పనివాళ్లు చేతులు తుడుచుకుని మరీ పట్టుకుంటున్నారు. మేడమ్ ఒక్కొక్కరికి ఒక్కో ప్రతి ఇచ్చి, "ఇకనుంచి ఎవరి పద్ధతి వాళ్లది కాదు. ఇందులో ఎలా ఉంటే అలాగే" అన్నారు. బాబాయికి చత్వారం వచ్చింది, చిన్న అక్షరాలు ఆనవు. మా లెక్కల గుమాస్తా రెండుసార్లు పైకి చదివి వినిపించింది. కళ్లు మూసుకుని విన్నాడు.

మొన్న పిండే పని మొదలుపెట్టాం. ఒక్కరోజులో నలభై వేల గుడ్లు! నేను ఒక మూల నా సీసాలతో కూర్చున్నాను. ఒక్కో మగచేప పాలు రెండు చుక్కలు నేరుగా సీసాలోకి పట్టుకుని, గిర్రున తిప్పే యంత్రంలో పెట్టి, కణాలు అడుగుకి దిగాక పైన తేలిన ద్రవాన్నీ, అడుగున మిగిలిన కణాలనూ వేరువేరుగా గడ్డకట్టించాను. ఎంజైముల కొలతకు అదే నా ముడిసరుకు.

బాబాయి ఎంత శ్రద్ధగా చేశాడనుకున్నారు! ప్రతి చేపకీ ముందు పళ్లెం కడిగాడు, చేతులు కడిగాడు. పూజకు కూర్చున్నట్టుంది. "ఏం బాబాయ్, ఇవాళ ఇంత శుభ్రం!" అంటే, "పుస్తకంలో ఉంది కదమ్మా" అన్నాడు. మీ పుస్తకానికి ఇంతకంటే ఏం కావాలి?

మూడు వారాలు ఆగితే గుడ్లలో రెండు నల్లటి చుక్కలు కనపడతాయి. అవి కళ్లు. అప్పుడు పండగ చేసుకుందాం.

మీ మేనకోడలు

*

ఇల్లు, ముందు వసారా
డిసెంబరు 2

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

పుస్తకప్రతులు పది అందినవి. అందంగా అచ్చయినది. ఎనిమిదవ పంక్తిలో ఒక సున్న ఎగిరిపోయినది. అది ప్రెస్సువారి ఘనకార్యము, మనది కాదు.

ఉదయపు నడకలో మిత్రులకు చదివి వినిపించాను. లెక్కల మాస్టరు మొదట ముఖం చిట్లించి, రెండవ పుట దగ్గర చెవి ఇటు పెట్టి, మూడవ పుట దగ్గర బెంచీ మీద కూలబడినాడు. ఆయనకొక సందేహము కలిగినది: "తోకలో ఎంజైము సిద్ధంగా ఉంది, కణంలో శక్తీ ఉంది. మరి మగచేప కడుపులో ఉన్నన్నాళ్లూ అవి ఎందుకు ఈదవు? ఈదితే అక్కడే అలిసిపోవా?" నాకు సమాధానము తెలియలేదు. తెలియదని ఆయన ముందు ఒప్పుకోవడం ఇష్టము లేక, "అది పై తరగతి పాఠం" అన్నాను. కనుక వీలైనంత త్వరగా వ్రాయుము.

ప్రధానోపాధ్యాయిని గారికి కూడా ఒక ప్రతి ఇచ్చాను. చదివి, "కవిత్వం కాదు గాని, వచనం బాగుంది" అన్నారు.

ఇట్లు,
మామయ్య

*

చేపపిల్లల కేంద్రం, ప్రయోగశాళ
డిసెంబరు 18

మామయ్యా,

పండగ లేదు. గుడ్లన్నీ గుడ్డివే.

ఇరవై రెండో రోజున ట్రేలు బయటికి తీశాం. నూటికి ఆరింటిలో కళ్ల చుక్కలున్నాయి. మిగతావి కదిపేసరికి తెల్లగా సున్నపు గుళికల్లా మారిపోయాయి. అంటే వీర్యకణం వాటిలోకి అసలు పోనేలేదు. ఒక్కరోజు పని కాదిది, ఏడాది పంట. రెండో చెరువులో ఆలస్యంగా పండే చేపలు కొన్ని ఉన్నాయి. అవి కూడా ఇలాగే అయితే వచ్చే ఏడు మా దగ్గర పెంచడానికి చేపపిల్ల ఉండదు.

ట్రేల దగ్గర అందరం నిలబడి ఉండగా మేడమ్ బాబాయి చేతులు పట్టుకుని చూశారు. "పట్టు మొరటుబారింది. నలిపేసి ఉంటాడు. నలిగితే కణాలు చితికిపోవూ? వయసయిపోయింది, జనవరి నెలాఖరుకి ఇంటికి పంపించేద్దాం" అన్నారు. ఆయన వినేలానే అన్నారు. బాబాయి నా పక్కకొచ్చి, "నిజమేనేమోనమ్మా. పొద్దున్నే వేళ్లు కొంకర్లు పోతన్నాయి" అన్నాడు. ముప్పై ఏళ్లలో మొదటిసారి పుస్తకం చెప్పినట్టు చేశాడు, మొదటిసారే ఇలా అయింది.

మేడమ్ మాట అబద్ధమని రుజువు చేయడానికి ఒక దారి ఉంది. ఎల్.డి.హెచ్. అని ఒక ఎంజైము ఉంది. అది కణం లోపలే ఉండాలి. కణం చితికితేనే బయటి ద్రవంలోకి కారుతుంది. బాబాయి నిజంగా నలిపి ఉంటే నేను గడ్డకట్టించిన ద్రవంలో అది బోలెడు కనపడాలి. పరీక్షకి వారం పడుతుంది.

మీ లెక్కల మాస్టారి ప్రశ్న మంచిది. చేప కడుపులోని ద్రవంలో కణాలు నిద్రపోతుంటాయి. నీళ్లు తగిలాయో, లేచిపోతాయి! డైనీను పని మొదలుపెడుతుంది, తోకలు కొట్టుకుంటాయి, అర నిమిషంలో ఉన్న శక్తంతా అయిపోతుంది. ఆ అర నిమిషంలో గుడ్డు దొరకాలి. అందుకే ముందు నీటిచుక్క తగలకుండా పాలూ గుడ్లూ కలిపి, ఆ తర్వాతే నీళ్లు పోస్తాం. పళ్లెంలో తడి ఉంటే కణాలు గుడ్డు రాకముందే లేచి, ఈది, చచ్చిపోతాయి. పళ్లెం పొడిగా ఉండాలని నేను అంతగా మొత్తుకుని రాసింది అందుకే కదా.

మీ మేనకోడలు

*

ఇల్లు
డిసెంబరు 23

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

నీ ఉత్తరము అందినది. చాలా విచారము కలిగినది.

ఇక్కడ చలి ఎక్కువగా ఉన్నది. పై దవడ పన్ను ఒకటి కదులుతున్నది. లెక్కల మాస్టరుకు నీ సమాధానము ఇంకా చెప్పలేదు, ఆయన నాలుగు రోజులుగా నడకకు రావడం లేదు. నేనే వెళ్లడం లేదేమో, సరిగా గుర్తు లేదు.

ఆ బాబాయి గారి విషయములో ఎవరూ తొందరపడకూడదని నా అభిప్రాయము. తప్పు ఎక్కడైనా ఉండవచ్చును. ఆయనకు పిల్లలున్నారా?

ఆరోగ్యము జాగ్రత్త.

మామయ్య

*

చేపపిల్లల కేంద్రం, ప్రయోగశాల
డిసెంబరు 29

మామయ్యా,

బాబాయి చేతులు నిర్దోషులు! ముప్పై ఒక్క సీసాలు కొలిచాను. బయటి ద్రవంలో ఎల్.డి.హెచ్. ఉండీ లేనట్టుంది. ఒక్క కణం కూడా చితకలేదన్నట్టే. అంత మెత్తగా యంత్రాలు కూడా పిండలేవు. తోకల్లో డైనీను పనితనం కూడా కొలిచాను, భేషుగ్గా ఉంది. రెండో చెరువు మగచేప పాలు ఒక చుక్క సూక్ష్మదర్శిని కింద పెట్టి, బాబాయిని కూర్చోబెట్టి, అంచున నీళ్లు తగిలించాను. ఆయన ఒక కన్ను మూసి చూస్తూ, "ఓరి వీళ్ల దుంప తెగ! ఏం పరుగమ్మా ఇది!" అన్నాడు. ముప్పై సెకన్లు కాకుండానే, "అదేంటి, పడుకున్నారేం?" అన్నాడు. అయిపోయిందన్నాను. "ఇంతేనా బతుకు!" అని అద్దం మీంచి కన్ను తీశాడు.

కాగితాలు తీసుకెళ్లి మేడమ్‌కి చూపించాను. "సరే, చేతులు కాదు. పాలు కాదు. గుడ్లూ బాగానే ఉన్నాయంటున్నావు. మరి పుస్తకంలో తప్పుందా?" అన్నారు. లేదన్నాను. ప్రూఫు నేనే చదివి సంతకం చేశానని చెప్పాను. "అయితే చేసిన మనిషిలోనే ఉంది" అన్నారు. జనవరి ఏడున సమావేశం. ఆ రోజు తేల్చేస్తారు.

ఇంకో సంగతి. మీకు ఒంట్లో బాగుందా? పోయిన ఉత్తరంలో 'ప్రయోగశాళ' అని మళ్లీ రాశాను, కావాలనే. మీరు పల్లెత్తు మాట అనలేదు. నాకు భయం వేసింది. పన్ను కదిలితే మీరు ఊరుకునే మనిషి కాదు.

మీ మేనకోడలు

*

ఇల్లు, వెనక గది
జనవరి 2

చిరంజీవి మేనకోడలికి,

నాకు ఒంట్లో బాగానే ఉన్నది. పన్ను కూడా కదలడం లేదు. అది నేను కల్పించిన పన్ను.

పుస్తకము మూడవ పుట తెరువుము. 'పరిశుభ్రమైన పళ్లెం' అని ఉంటుంది. నీవు వ్రాసినది 'పొడి పళ్లెం'. 'పరిశుభ్రమైన చేతులు' అని ఉంటుంది. నీవు వ్రాసినది 'పొడి చేతులు'. మార్చినవాడను నేను. సబ్బుపొడి అనుకుంటారని చమత్కరించి, నీ భావము నాకు స్పష్టమేనని వ్రాసి, నిన్ను ఒక మాటైనా అడగకుండా మార్చాను. పరిశుభ్రమైన పళ్లెము కావాలంటే ఎవరైనా ఏమి చేస్తారు? కడుగుతారు. ఆయన కడిగినాడు. ప్రతి చేపకు ముందూ కడిగినాడు. ఆ తడిలో పాలు పడగానే నీ కణాలన్నీ లేచి, ఈది, గుడ్డు మొగము చూడకుండానే పోయినవి.

డిసెంబరు పద్దెనిమిది నాటి నీ ఉత్తరములో చివరి పేరా చదవగానే నాకు తెలిసిపోయినది. అయినా నాలుగు రోజులు ఆగి, పన్ను గురించి వ్రాశాను. తరువాత నీ ఉత్తరము వచ్చినది. ప్రూఫు నీవు చదివి సంతకము చేశావని చూశాను. అప్పుడు కలిగిన ఆలోచన నీకు చెప్పకపోతే ఈ ఉత్తరము వ్రాసి ప్రయోజనము లేదు. 'చూసినది ఆమె, సంతకము ఆమెది, నా మార్పును ఆమె అంగీకరించినట్లే' అని అనుకున్నాను. రెండు రోజులు ఆ మాట చాటున హాయిగా కూర్చున్నాను. మూడవ రోజు ఉదయము లెక్కల మాస్టరు వచ్చి, నడకకు ఎందుకు రావడము లేదని అడిగినాడు. చెప్పాను. ఆయన వాదించలేదు, ఓదార్చలేదు. "ఆయన ఉద్యోగం ఎన్నాళ్లుంది?" అన్నాడు. అంతే. లెక్కల మనిషి గదా.

విద్యార్థి వాక్యములో ఒక మాట అర్థము కాకపోతే, పిలిచి అడగవలసినది పోయి, నాకు తోచిన అర్థము వేసి మార్కులు తగ్గించిన సందర్భాలు ఇప్పుడు ఒక్కొక్కటిగా గుర్తుకు వస్తున్నవి. ఎన్ని ఉన్నవో చెప్పను.

దీనితో మీ డైరెక్టరు గారికి ఒక లేఖ జతపరిచాను. అందులో తప్పొప్పుల పట్టిక ఉన్నది. 'తప్పు: పరిశుభ్రమైన. ఒప్పు: పొడి. బాధ్యుడు: దిద్దినవాడు' అని మూడు గడులు. ఏడవ తేదీలోగా అందేటట్లు ఈ రోజే పంపుతున్నాను. నీవు మెత్తబరచి చదవవద్దు. ఉన్నది ఉన్నట్లు ఇవ్వుము.

ఇట్లు,
మామయ్య

*

చేపపిల్లల కేంద్రం, చెరువు గట్టు
జనవరి 8

మామయ్యా,

మీ ఉత్తరం మెట్ల మీదే చదివాను. కోపమొచ్చింది, నిజం చెప్తున్నాను. మీ మీద కొంత, నా మీద చాలా. ఎందుకంటే ప్రూఫు నేను చదవలేదు. కవరు విప్పి, బొమ్మలు చూసి, 'మామయ్య చూశాక నేనేం చూస్తాను' అని సంతకం పడేశాను. మేడమ్‌తో చదివానని అబద్ధం చెప్పాను, మీతో కూడా అదే చెప్పాను. పొడి అన్న మాట మార్చానని మీరు నవంబరులోనే నాకు రాశారు కూడా! ఆ ఉత్తరం చదివి, సబ్బుపొడి దగ్గర నవ్వుకుని, మడిచి పెట్టేశాను. ఎంజైముల మీద నాలుగేళ్ల పరిశోధన చేసినదాన్ని, ఆ మాట పోతే ఏమవుతుందో ఒక్క క్షణం ఆలోచించలేదు. బాబాయి కడుగుతుంటే మెచ్చుకున్నానే గాని, తుడిచాడో లేదో చూడలేదు. మీ మూడో గడిలో నా పేరు కూడా రాసి సమావేశంలో పెట్టాను.

మేడమ్ పట్టిక చదివారు. అప్పుడు ఆవిడ బాబాయి వైపు తిరిగి, "ముప్పై ఏళ్లుగా పళ్లెం తుడుస్తున్నావు కదా. ఆ రోజు తడి పళ్లెంలో పాలు పిండుతుంటే నీకు అనుమానం రాలేదా?" అని అడిగారు.

బాబాయి లేచి నిలబడ్డాడు. "రాకేం అమ్మగారూ! కడిగాక చెయ్యి దానంతటదే భుజం మీది తువ్వాలు దాకా పోయింది. ఆపుకున్నా. పుస్తకంలో శుభ్రం అని ఉంది, తుడవమని లేదు. ఇంత చదువుకున్నోళ్లు తుడవమని రాయలేదంటే, ఇన్నాళ్లూ నేను తుడిచిందే తప్పేమో అనుకున్నా. అచ్చులో ఉన్నది తప్పెలా అవుద్దండీ?"

మేడమ్ కళ్లజోడు తీశారు. ఈసారి నవ్వడానికి కాదు. "నేనూ నీ మాట అడగకుండానే నీ చేతుల్ని అన్నాను" అన్నారు. ఆయన్ని పంపించే కాగితం అక్కడే చింపేశారు. నన్ను మాత్రం ఒక అరగంట నిలబెట్టి కడిగేశారు, తుడవలేదు.

రేపు రెండో చెరువు చేపలు పిండుతున్నాం, బాబాయి పద్ధతిలో. పుస్తకాలన్నీ వెనక్కి తీసుకున్నారు. కొత్తది రావాలి. మేడమ్ షరతు ఒకటే: అది బాబాయి చెప్పాలి, మీరు రాయాలి. "ఆ మాస్టారిని ఇక్కడికి రమ్మను. చేయి తడిస్తే గాని రాయకూడదు" అన్నారు. రాగలరా? ఇరవయ్యో తేదీ నుంచి నేను ఊళ్లో ఉండను. ఈ ఎల్.డి.హెచ్. లెక్కలన్నీ ఒక సదస్సులో చెప్పడానికి వెళ్తున్నాను. నా గది మీకే.

మీ మేనకోడలు

*

చేపపిల్లల కేంద్రం, నీ గది
జనవరి 31

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

ముందుగా నీకు కావలసిన వార్త. ఈ ఉదయము ట్రేలు తీసినారు. నన్ను కూడా పిలిచినారు. ఒక గాజుపలక మీద నూరు గుడ్లు పరచి, కింద దీపము పెట్టి, బాబాయి గారు నా చేతికి భూతద్దము ఇచ్చి "మీరే లెక్కపెట్టండి" అన్నారు. లేత నారింజ రంగు గుడ్లు. ఒక్కొక్క గుడ్డులో రెండేసి నల్లని కళ్లు. కొన్ని నా వైపే చూస్తున్నట్లు అనిపించినది. తొంభై ఒకటి వచ్చినవి. మీ డైరెక్టరు గారు మళ్లీ లెక్కించి తొంభై రెండు అన్నారు. నాతో వాదము పెట్టుకునే మనిషి ఇక్కడ కూడా ఒకరు దొరికినారు.

ఇక పుస్తకము. మొదటిరోజు నేను కాగితము, కలము సిద్ధము చేసుకుని కూర్చుండి, "చెప్పండి" అన్నాను. "తుడు" అన్నారు. "తుడువుము అని వ్రాయనా, తుడవవలెను అని వ్రాయనా?" అని అడిగాను. "ముందు తుడవండి మాస్టారూ, తర్వాత రాసుకుందురు గాని" అని తువ్వాలు నా మీదకు విసిరినారు. పళ్లెము తుడిచాను. ఆయన అరచేయి అడ్డంగా పెట్టి చూసి, "ఇంకా ఉంది" అన్నారు. మళ్లీ తుడిచాను. "అంచు కింద?" అన్నారు. నాలుగవసారికి గాని ఒప్పుకోలేదు. నేను పిల్లల చేత చూచివ్రాత ఇన్నిసార్లు వ్రాయించిన గుర్తు లేదు.

మూడు రోజులు ఇట్లే జరిగినది. కొత్త పుస్తకములో మొదటి వాక్యము ఇది: 'తుడు. మళ్లీ తుడు. అరచేత్తో తడిమి చూడు, తడి తగిలితే ఇంకోసారి తుడు.' వాక్యనిర్మాణము గురించి నాకు అభ్యంతరములు లేకపోలేదు. వ్రాయలేదు. నీ ఎంజైముల సంగతి కూడా ఆయన మాటల్లోనే పెట్టాము: 'పాలల్లో ప్రాణులు పడుకుని ఉంటాయి. నీళ్లు తగిలితే లేస్తాయి. వాటి తోకల్లో ఎంజైమని ఒకటుంది, అది ఉన్నదంతా అర నిమిషంలో ఖర్చు పెట్టేస్తుంది, దాచుకోవడం తెలియదు. గుడ్లు పక్కన చేరేదాకా లేపకు.' నీవు నాలుగు పుటల్లో చెప్పినదీ, నేను పాడుచేసినదీ ఇంతే గదా.

అర్థము కాని ప్రతి మాట దగ్గరా ఆపి అడిగాను. ఆయనకు ఒకసారి విసుగు కూడా వచ్చినది. "ఇంత చిన్న సంగతి కూడా అడుగుతారేంటండీ!" అన్నారు. అడగకపోతే ఏమవుతుందో మనిద్దరికీ తెలుసునన్నాను. ఆయన భళ్లున నవ్వినారు. ఆయనకు పిల్లలు లేరట. "ఏటా నలభై వేలమంది" అన్నారు.

నిన్న సాయంత్రము మొత్తము చదివి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నారు. అయిన తరువాత, "మాస్టారూ, ఇది కూడా అచ్చవుద్ది కదా. అచ్చయ్యాక నేను కూడా ఇందులో ఉన్నట్టే చేయాలా?" అని అడిగినారు. ముప్పై నాలుగేళ్లలో నన్ను ఎవరూ ఇంత కష్టమైన ప్రశ్న అడగలేదు. "మీ చేతికి తేడా తెలిస్తే పుస్తకాన్నే దిద్దాలి. వెంటనే నాకు కబురు చేయండి" అన్నాను.

"మీరు రావడమెందుకు, అంత దూరం" అని, నా జేబులోని ఎర్రసిరా కలము తీసుకుని, మూత బిగించి, తన చొక్కా జేబులో పెట్టుకున్నారు.

నేను తిరిగి అడగలేదు.

ఇట్లు,
మామయ్య